ఎడమకు తిరిగే ముల్లు

మా బావకు, అంటే నా భర్త అన్నకు, వస్తువులు కొనడం తెలుసు. వాడడం తెలియదు. కడపలో ఆయన ఇంటి హాల్లో గుర్రం మీద కూర్చున్న ఆయన ఫోటో నిలువెత్తున ఉంటుంది. ఆ గుర్రం అద్దెది. ఫోటో తీసినంతసేపూ కళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషిని తర్వాత కంప్యూటర్‌లో చెరిపించారు. అలాంటి మనిషి రెండేళ్ళ కింద బెంగళూరు నుంచి ఒక పాత ఇంగ్లండు కారు తెప్పించాడు. ఎర్రది, రెండే సీట్లు, గుడ్డ టాపు, మనిషి పడుకోవడానికి సరిపోయేంత పొడుగు బానెట్టు. లారీ మీద నుంచి దించగానే ఇంటి మగవాళ్ళంతా దాని చుట్టూ చేరి, బానెట్టు మీద మోచేతులు ఆనించి ఫోటోలు దిగారు. వాళ్ళలో ఒక్కడికి కూడా దాన్ని స్టార్ట్ చేయడానికి లాగే చోక్ ఎక్కడుందో తెలియదు.

కారు షెడ్డు ఏ మూల కట్టాలో చెప్పడానికి వాస్తు సిద్ధాంతి వచ్చాడు. ఆ వీధిలో సగం ఇళ్ళ వంటగదులు ఆయన మాట మీద చోటు మారాయి. రోగాలు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆయన వచ్చేసరికి ఇంజను ఆన్‌లో ఉంది. డ్రైవరు ఎదుట రెండు పెద్ద గుండ్రటి మీటర్లు. ఒకటి వేగం చూపేది. రెండోది ఇంజను ఎంత జోరుగా తిరుగుతోందో చూపేది. మొదటి దాని ముల్లు గడియారం ముల్లు లాగే కుడికి తిరుగుతుంది. రెండోదాని ముల్లు ఎడమకు తిరుగుతుంది. ఆ కాలపు కార్లు కొన్నింటికి అలాగే చేసేవాళ్ళు. అంకెలు కూడా అందుకు తగ్గట్టే కుడి నుంచి ఎడమకు రాసి ఉంటాయి. సిద్ధాంతి తల లోపలికి పెట్టి కాసేపు చూసి, చెయ్యి కడుక్కోవాల్సినంత పని అయినట్టు వెనక్కి జరిగాడు.

“ఇది అప్రదక్షిణం. చావు కాడ తిరిగే తిరుగుడు. ఇంజను గుండెకాయనుకో, గుండెకాయ ఎనక్కి తిరుగుతాండాది. యజమానికి శానా కీడు.”

అంతే. ఊళ్ళో బైకుల మీటర్లు చేసే మెకానిక్కుని పిలిపించారు. ఆ మనిషి వద్దు సార్ అన్నాడట. బావ విన్నాడా? “దుడ్లు నీయి గాదు, బండి నీది గాదు. కుడికి తిప్పప్పా” అన్నాడు. అతను లోపలి స్ప్రింగును తిరగేసి బిగించాడు. అద్దం కింద డయలు మీద అంకెలు ఎటు రాసి ఉన్నాయో ఆ ఇంట్లో ఒక్కరూ చూడలేదు. ముల్లు కుడికి తిరిగినా చూపించడానికి అక్కడ ఒక్క అంకె లేదు. ఇంజను స్టార్ట్ చేయగానే ముల్లు పోయి, దాన్ని ఆపడానికి ఉండే అడ్డుపుల్లకు కొట్టుకుని వంగి, అక్కడే ఇరుక్కుంది. పనిలో పనిగా వేగం మీటరు కూడా విప్పించారు, అది బాగానే ఉన్నా. మళ్ళీ సరిగా మూయలేదు. కడప దుమ్ము ఆ సందులోంచి హాయిగా లోపలికి వెళ్ళి కూర్చుంది.

ఆ ఆదివారం మేము కర్నూలు నుంచి భోజనానికి వెళ్ళాం. మగవాళ్ళ బంతిలో బావ అందరికీ వినబడేలా అన్నాడు. “మీటర్లు బాగుచేసి తెచ్చినోళ్ళే దీన్ని అహోబిలానికి తోలుకపోతారు. నరసింహస్వామి ముందర బండి పూజ. నా మాట.” బంతిలో ఉన్న ఎవడో ఒకడు రోషం తెచ్చుకుని బెంగళూరు పోయి వస్తాడని ఆయన లెక్క. ఎవరూ తలెత్తలేదు. సంగటి మీద అందరికీ ఒక్కసారిగా భక్తి పుట్టింది.

“నేను చేస్తా బావా” అన్నాను, పప్పు గిన్నె చేతిలో పెట్టుకుని.

ఆయన నవ్వాడు. “పండ్లు పీకేది గాదమ్మా ఇది.”

“పండ్ల కంటే సులువే బావా. ఇది అరవదు, చెయ్యి కొరకదు.”

నేను పళ్ళ డాక్టరును. గోరంత జాగాలో వేలెడంత పనిముట్టు పెట్టి పని చేయడం నాకు రోజూ ఉండేదే. కానీ నాకు కావలసింది మీటర్లు కాదు. నందికొట్కూరులో మా నాన్న జీపు మీద నేను తోలడం నేర్చుకున్నాను, విత్తనాల బస్తాలు వెనకేసుకుని. కర్నూలులో రోజూ నా కారు నేనే తోలుకుంటాను. కడప పొలిమేర దాటగానే మాత్రం మా ఆయన బండి ఆపించి, నన్ను దింపి, స్టీరింగు తాను తీసుకుంటాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు స్టీరింగు పట్టరు. నల్ల ఫిల్ము అంటించిన అద్దాల వెనక కూర్చుంటారు. పెళ్ళయిన నాటి నుంచి నేనూ కూర్చున్నాను, పళ్ళు కొరుక్కుంటూ. ఆ ఇంటి గేటులోంచి ఒక్కసారి, వాళ్ళందరూ చూస్తుండగా, బండి నేను తోలుకుని పోవాలి. అదీ నా కోరిక. చిన్న కోరికే. అంత చిన్నదానికి అన్నేళ్ళు పట్టిందని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. ఇంజినీరు. వాస్తంతా బూటకమని కర్నూలులో అంటాడు. కడపలో అనడు. తిరుగు ప్రయాణంలో, ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన రెండు మీటర్లతో నేను కూర్చుంటే, నవ్వుతూ అన్నాడు: “అన్నకు పిచ్చి. ముల్లు ఎటు తిరిగితే ఏంది?” పొలిమేర అప్పటికే దాటేశాం.

క్లినిక్కులో పేషెంట్లు లేని మధ్యాహ్నాలు ఆ పని పెట్టుకున్నాను. మీటరు చుట్టూ ఉండే పట్టీని వంకర పోకుండా ఊడదీయడానికే ఒక పూట పట్టింది, ముందు విప్పినవాడు స్క్రూడ్రైవరుతో పెకిలించాడు గనుక. లోపల చూస్తే ఎర్ర దుమ్ము, మైనంలా గట్టిపడ్డ పాత గ్రీజు, ఎవరో అద్దం మీద పెట్టిన బొట్టు తాలూకు కుంకుమ. వంగిన ముల్లు తీసి సరిచేసి, డయలు తీసి, కింద చూశాను. ఇంజను నుంచి వచ్చే కేబులు ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద బోర్లించిన చిన్న అల్యూమినియం గిన్నె ఉంటుంది, ఎక్కడా తగలదు. అయస్కాంతం తిరిగితే గిన్నె కూడా దాని వెంట పోవాలని చూస్తుంది. వెంట్రుక లాంటి స్ప్రింగు ఒకటి దాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. ఆ లాగులాటలో ముల్లు ఎక్కడ నిలబడితే అదే లెక్క. ఇంత అందమైన ఏర్పాటును చూసి ఒక మనిషికి చావు గుర్తుకొచ్చిందంటే, ఆ మనిషి తలకాయలో ఏముందో విప్పి చూడాలనిపించింది. అక్కడ శుభ్రం చేయడానికి నా దగ్గర పనిముట్లు చాలవు.

పుచ్చుపళ్ళు గీకే కొక్కెంతో గ్రీజు తీశాను. మిగతా భాగాలను పనిముట్లు కడిగే మెషీన్లో వేశాను, స్ప్రింగును, డయలును తప్ప. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. కళ్ళకు లూప్ అనే భూతద్దం పెట్టుకుని, పట్టకారుతో ఒక్కో చుట్టూ విడదీసి, మొదట ఉన్న వైపుకే తిప్పి బిగించాను. రెండుసార్లు చెడింది. మూడోసారి కుదిరింది. వేగం మీటరు కూడా శుభ్రం చేసి, కట్టుడు పళ్ళు అరగదీసే మోటారుకు రెండింటి కేబుళ్ళూ తగిలించి, మెల్లగా తిప్పి చూశాను. ముల్లు వణకకుండా లేచి, కుడి నుంచి ఎడమకు, ఒక్కో అంకెనూ దాటుకుంటూ పోయింది. పక్కన వేగం మీటరు ముల్లు ఎడమ నుంచి కుడికి. రెండూ ఎదురెదురుగా లేస్తుంటే నాకు చెప్పలేనంత సంతోషమైంది. నర్సును పిలిచి చూపించాను. ఆమెకు ఏం అర్థమైందో గానీ, బాగుంది మేడం అంది.

పూజకు రెండు రోజుల ముందు కడప పోయి మీటర్లు బిగించి ఇంజను స్టార్ట్ చేశాను. ముల్లు ఎడమకు లేచింది. ఇంటిల్లిపాదీ చూస్తున్నారు.

“ఇది మళ్ళా అట్లే తిరుగుతాండాది గదమ్మా” అన్నాడు బావ.

“అట్లే తిరగల్ల బావా. దాన్ని చేసినోళ్ళు అట్లే చేసినారు.”

“మరి కుడికి ఎప్పుడు తిప్పుతావు?”

అంకెలు చూపించాను. వివరించాను. కుడికి తిప్పితే ఎక్కడికి పోతుందో వేలు పెట్టి చూపించాను. ఆయన అంతా విని, “అంకెలు కూడా మార్పిచ్చల్ల అయితే” అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. చెవిటివాడికైనా రాసి చూపించవచ్చు. ఈయనతో ఏ దారీ లేదు.

కానీ పూజ ఆపడానికి వీల్లేదు. కారు బొమ్మతో, దాని పక్కన బావ బొమ్మతో, అహోబిలం దాకా ఫ్లెక్సీలు కట్టేశారు. నాయకులను పిలిచారు. కారు అహోబిలం పోవాల్సిందే. మరి ఎవరు తోలాలి? బావకు ఉన్నట్టుండి నడుము నొప్పి వచ్చింది. ఆయన పెద్ద కొడుక్కు ఎడమ కన్ను సరిగా కనబడదట, ఆ పొద్దే తెలిసింది. ఇంకొకాయనకు బీపీ. ఎన్నికలప్పుడు తొడగొట్టి రోడ్డు మీదికి దూకే మగవాళ్ళు, వేలెడు ముల్లును చూసి గోడల వెంబడి జరుగుతున్నారు.

సిద్ధాంతిని మళ్ళీ పిలిచారు. ఆయన కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టుకుని, పరిష్కారం చెప్పాడు.

“దోషం వంశానికి. ఈ రక్తం పంచుకుని పుట్టినోళ్ళకు. కోడలు వేరే ఇంట్లో పుట్టింది గదా. ఆయమ్మ తోలితే ఇంటికి ఏమీ అంటదు. ఒకసారి స్వామి ముందర నిలబెడితే ఇంగ దోషం ఉండదు.”

మా పెళ్ళి చేయించిందీ ఈయనే. నీ గోత్రం మారింది, నీకు ఇక ఇదే ఇల్లు, ఇదే వంశం అని ఆ రోజు మైకులో చెప్పాడు. కీడు పంచుకునే పూటకు నా గోత్రం మళ్ళీ నందికొట్కూరు బస్సెక్కింది. ఆ మాటే పైకి అనబోయాను. బావ అప్పటికే నవ్వుముఖం పెట్టాడు. “నేను మాట తప్పే మనిషిని గాదమ్మా. నువ్వే తోలు.”

నేను నోరు మూసుకున్నాను. ఏ దారిన వచ్చినా స్టీరింగు స్టీరింగే అనుకున్నాను.

పూజ నాటి పొద్దున బానెట్టుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. వెనక తెల్ల కార్ల బారు. మా ఆయన వాళ్ళన్న దగ్గర నుంచి తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. “మెల్లగా పో” అన్నాడు.

“నువ్వు రావా? పక్క సీటు ఖాళీగా ఉంది.”

“ఎనక బండ్లో వస్తాలే. దాంట్లో ఏసీ ఉండాది.”

ఎండకు ఓర్చుకోలేని మనిషి అని సరిపెట్టుకున్నాను. మా తోడికోడలు, బావ భార్య, నల్ల అద్దం దించి నా వైపు చూసి, “జాగ్రత్తమ్మా” అంది. ఆమె గొంతులో ఏదో ఉంది, నాకు వినే తీరిక లేదు. గేటులోంచి బండి బయటికి తీశాను.

మైదుకూరు, చాగలమర్రి, ఆళ్ళగడ్డ. అంత ఆనందం నేను దాచుకోను. టీ అంగళ్ళ దగ్గర జనం లేచి నిలబడ్డారు. గేరు మార్చినప్పుడల్లా ఎడమకు తిరిగే ముల్లు దిగి మళ్ళీ లేస్తోంది, నేను విడదీసిన ఆ స్ప్రింగు లెక్కకు. పత్తి చేల మీద నుంచి వేడిగాలి కొడుతోంది. చీర కొంగు నడుముకు చుట్టుకుని, ఆ తెల్ల కార్లను నా దుమ్ములో ముంచుతూ, నల్లమల కొండలు కనబడేదాకా తోలాను. ఫ్లెక్సీల్లో బావ ప్రతి మలుపు దగ్గరా నాకు చెయ్యూపుతున్నాడు.

దిగువ అహోబిలంలో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. హారతి అయీ కాకముందే బావ నడుము నొప్పి తగ్గిపోయింది. “ఇంగ దోషం పోయింది, పొయ్యేటప్పుడు నేను తోలుతా” అంటూ తాళానికి చెయ్యి చాచాడు. ఇచ్చేశాను. ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు. అంతకంటే ఎక్కువ ఆయన నుంచి ఎన్నడూ ఆశించలేదు.

అప్పుడు మా ఆయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చొక్కా అంతా చెమట, ఏసీ బండ్లో వచ్చిన మనిషికి. నా రెండు భుజాలూ పట్టుకుని, పైనుంచి కిందికి చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు.

“ఏం కాలేదు సూడు” అన్నాడు.

“ఏమవుతుందనుకున్నావు?”

నవ్వాడు. ఆ నవ్వు నటన కాదు, నాకు తెలుసు. నేను బతికి ఉన్నందుకు ఆయనకు నిజంగానే సంతోషంగా ఉంది. అంటే భయం కూడా నిజమే. ఆ ముల్లు నన్ను చంపుతుందని దారి పొడుగునా నమ్మాడు. నమ్మే, పొద్దున తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.