వర్జ్యం దాటాక వేసిన ఓటు

ఎర్ర పోస్టు డబ్బాలో కవరు పడిన చప్పుడు వినగానే ఏదో తప్పు జరిగిందని నా మనసుకి తెలిసిపోయింది. ఉత్తరాల మీద ఉత్తరం పడితే చప్పుడే వినపడదు. ఆ గురువారం సాయంత్రం అది ఖాళీ డబ్బా అడుగున ఠప్పుమంది. వంగి పలక చదివాను. ఆ రోజుకి ఆఖరిసారి ఉత్తరాలు తీసేది ఐదున్నరకి. నా వాచీలో ఐదూ నలభై.

ఆ రోజుల్లో నేను వేళ చూడకుండా పిల్లల గోళ్ళు కూడా కత్తిరించేదాన్ని కాదు. ఇంగ్లండులో ఈ రీడింగ్ ఊరికి వచ్చి మూడేళ్ళు, ఇద్దరు పిల్లలు, ఒక ఎం.ఏ. పట్టా, పొద్దస్తమానం గుండెల్లో దడ. తెనాలి నుంచి అమ్మ పంపిన క్యాలెండరు వంటింట్లో వేలాడేది. అందులోని వేళల్లోంచి నాలుగున్నర గంటలు తీసేసి (చలికాలమైతే ఐదున్నర) ఇక్కడి వర్జ్యం కట్టుకునేదాన్ని. "ఈ లెక్కలేవో మా ఆఫీసుకొచ్చి చెయ్యరాదూ" అనేవారు మావారు.

మా వీధి చివర బస్టాప్ అంకుల్ ఉండేవారు. గుంటూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే. డాక్టరు క్లినిక్ (ఇక్కడ సర్జరీ అంటారు) ముందున్న బస్టాపుకి కప్పు వేయించమని కౌన్సిల్‌కి రాసి రాసి ఆ పేరు తెచ్చుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో ఆంటీ అక్కడే వానలో నిలబడేవారట. ఆవిడ పోయాక కూడా ఆయన రాయడం మానలేదు. నేను చంటివాడి పుష్‌చైర్ తోసుకుంటూ తడుస్తుంటే మొదటిసారి గొడుగు పట్టింది ఆయనే. చివరికి "రాస్తే లాభం లేదమ్మా, లోపలికెళ్ళి అడగాల్సిందే" అని కౌన్సిలర్‌గా నిలబడదామనుకున్నారు. దానికి ముందు ఆయన పార్టీ మెంబర్లు పోస్టులో ఓట్లు పంపి అభ్యర్థిని ఎంచుకోవాలి. అందుకని నన్నూ మెంబరుని చేశారు. (ఆ పార్టీ సిద్ధాంతమేమిటో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన కాచిన నీళ్ళ టీ తాగుతూ సంతకం పెట్టేశాను.)

సోమవారం ఓటు కాగితం వచ్చింది. ఆయన పేరు పక్కన గుర్తు పెట్టి, కవరు అంటించి, నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెట్టాను. మంగళవారం కదా, వద్దనుకున్నాను. బుధవారం అమావాస్య. గురువారం మధ్యాహ్నం దాకా అదే మిగులు, ఆపైన రాహుకాలం, అది దాటితే ఐదుంబావు దాకా వర్జ్యం. శుక్రవారానికల్లా చేరాలి, మర్నాటికే చేర్చే ఫస్ట్ క్లాస్ స్టాంపు ఉందిగా అని ధీమా. తీరా బయల్దేరేసరికి చిన్నవాడి బూటు ఒకటి కనపడలేదు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి డబ్బా దగ్గర కాపలా కాశాను. "పసుపు మరకలున్న కవరు నాదేనండీ, ఇచ్చేయండి, నేనే తీసుకెళ్ళి ఇస్తాను" అని నా ఇంగ్లీషులో బతిమాలాను. "సారీ లవ్, ఇందులో పడ్డాక అది నీదీ కాదు, నాదీ కాదు" అని పోస్టుమాన్ సంచీ మూతి బిగించాడు.

ఆ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో లెక్కపెట్టారు. పోటీలో ఉన్న ఇద్దరికీ సమానంగా వచ్చాయి. ఖాళీ బిస్కెట్ డబ్బాలో రెండు చీటీలు వేసి ఒకటి తీశారు. రెండో ఆయన పేరు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, అంకుల్ కూడా. తర్వాత నా దగ్గరికొచ్చి, "నీ ఓటు పడబట్టే సమానం దాకా వచ్చామమ్మా, లేకపోతే పరువు పోయేది" అన్నారు. "మీ ఆంటీ ఉంటేనా, బిస్కెట్ డబ్బా చేతిలో ఓడిపోయొచ్చావా అని దులిపేసేది." ఆయనతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు శనివారం. ఐదేళ్ళ మా అమ్మాయి కార్న్‌ఫ్లేక్స్ ముందు కూర్చుని, "డిడ్ అంకుల్ విన్, మమ్మీ?" అంది.

"లేదమ్మా. ఆయన గెలవాల్సింది, నేనే ఆలస్యం చేశాను. ఇప్పుడెళ్ళి ఆ మాట ఆయనతో చెప్పాలి."

రోజూ నేను చూసినట్టే అది తలెత్తి క్యాలెండరు వంక చూసింది. "ఈజ్ ఇట్ ఎ గుడ్ టైమ్?"

అలవాటు కొద్దీ నాలుగున్నర గంటలు తీసేసి చూశాను. (అంత జరిగాక కూడా లెక్క కట్టిన ఆ పిచ్చి తల్లిని తల్చుకుంటే నవ్వూ జాలీ కలిపి వస్తాయి.)

"వర్జ్యమే" అన్నాను. "అయినా వెళ్దాం. బూట్లు వేసుకోండి."