బండి దగ్గరే ఉంటా

ఆ ఊరికి మూడు వైపులా సముద్రమే. కొత్తగా వచ్చినవాళ్ళకి అదే పెద్ద చిక్కు. హోటల్ కౌంటరు మీద రంగుల మ్యాపు పరుచుకుని, చేతిలో ఉన్న ఒక్క రోజులో ఏ బీచ్‌కి వెళ్ళాలో తేలక మొగుడూ పెళ్ళాం గొంతులు పెంచుతుంటే, బయట తెల్ల వ్యానుకి వీపు ఆనించి నిలబడ్డ డ్రైవరు వాళ్ళని ఒక్కసారి చూసేవాడు. ముందు చెప్పులు, తర్వాత మోకాళ్ళు, చివర్న ముఖాలు. వాళ్ళు మెట్లు దిగి బండి దగ్గరికి వచ్చేసరికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"పెద్దావిడకి మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయి. మెట్లున్న చోటు వద్దులెండి. ఇసక దాకా బండి పోయే చోటొకటుంది, అక్కడికి పోదాం."

వాళ్ళ వెంట వచ్చిన ఆ పెద్దావిడ అప్పటిదాకా ఎవరో ఒకరు ఆ ముక్క అనకపోతారా అని కాచుకుని ఉండేది.

మనిషిని చూసి బరువు చెప్పేస్తాడని తోటి డ్రైవర్లు ఆయనకి తూకం అని పేరు పెట్టారు. జుట్టు నెరిశాక తూకం బాబాయ్ అయ్యాడు. అసలు పేరు లైసెన్సు మీద ఉంది. పోలీసులు తప్ప దాన్ని చదివినవాళ్ళు లేరు.

బీచ్‌లకి కూడా డ్రైవర్లు తమ పేర్లు తాము పెట్టుకున్నారు. అవి మ్యాపులో కనిపించవు. పిల్లల్ని తిరిగి బండెక్కించేటప్పుడు చెవులు చిల్లులు పడతాయి కాబట్టి ఒకటి ఏడుపుల బీచ్. ఎంత దూరమైనా మాటా పలుకూ లేకుండా నడవొచ్చు కాబట్టి, పోట్లాడుకున్న జంటల్ని దింపేది అలకల బీచ్. దీపస్తంభం పక్కనున్నది ఫొటోల బీచ్; అక్కడికి వెళ్ళినవాళ్ళు సముద్రానికి వీపు తిప్పే నిలబడతారు. ఊరికి అన్నిటికంటే దూరంగా, కొండ కింద దాక్కున్న చిన్న ఇసక వంపుని అందగత్తె అంటారు. పైనుంచి చూస్తే నీళ్ళు లేతాకు రంగులో, అడుగున రాళ్ళు కనిపించేంత తేటగా ఉంటాయి. బండి మాట్లాడుకున్నవాళ్ళని డ్రైవర్లు పార్టీ అంటారు. తనకి నచ్చిన పార్టీనైతే తప్ప తూకం అక్కడికి తీసుకెళ్ళడు.

ఎంపిక కుదిరిందో లేదో తెలియడానికి వాళ్ళ కొలత ఒకటే. పార్టీ చెప్పిన వేళకి తిరిగొచ్చేస్తే కుదరనట్టు. ఆలస్యం చేస్తే కుదిరినట్టు. తూకం పార్టీలు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి. అంతసేపూ ఆయన పైన పార్కింగులోనే ఉంటాడు. అద్దాలు తుడుస్తాడు. తుడిచిన అద్దాలే మళ్ళీ తుడుస్తాడు. డ్రైవరన్నవాడు బండి వదిలి ఇసకలోకి దిగడు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు గాని అందరూ పాటిస్తారు. పార్టీ ఎప్పుడైనా రావచ్చు, వచ్చినప్పుడు తలుపు దగ్గర మనిషుండాలి. అందుకే వాళ్ళని దింపేటప్పుడు ఆయన నోటివెంట ఎప్పుడూ ఒకటే మాట వచ్చేది.

"నిదానంగా చూసి రండి. నేను బండి దగ్గరే ఉంటా."

ఇల్లు బస్టాండు వెనక వీధిలో, టైర్ల షాపు మీద రెండు గదులు. భార్య కూతుర్ని తీసుకుని తన అన్నగారి ఊరికి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. కొట్టుకున్నదీ లేదు, తిట్టుకున్నదీ లేదు. లోకానికి ఎప్పుడు సెలవైతే ఆయనకి అప్పుడు పని. ఆదివారం లేదు, ఎండాకాలం సెలవులు లేవు. "ఎవరెవరి పిల్లల్నో సముద్రానికి తిప్పుతావు. మన పిల్ల మాత్రం దాన్ని మేడ మీంచే చూడాలి" అని ఆవిడ అన్నది ఒక్కసారే. రెండోసారి అనకుండా పెట్టె సర్దుకుంది. అప్పటికి పిల్ల మూడో తరగతి.

ఆ తర్వాత కూతురు ఫోనులోనే పెరిగి పెద్దదైంది. "బాగున్నారా నాన్నా?" "బాగున్నానమ్మా. నువ్వో?" "బాగున్నా." ఆపైన అవతలివాళ్ళే పెట్టేస్తే బాగుండునని ఇద్దరూ ఎదురుచూసేవాళ్ళు.

మొన్నామధ్య ఒకరోజు ఆ అమ్మాయి మామూలు కంటే ఎక్కువ మాట్లాడింది. ఫిజియోథెరపీ చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది. అదీ ఈ ఊళ్ళోనే, పెద్దాసుపత్రిలో.

"ఆదివారం పొద్దున్న దిగుతా. సోమవారం జాయినవ్వాలి. ఆసుపత్రి వెనకే ఆడపిల్లల హాస్టలుందట. వస్తానో రానో ఆదివారం సాయంత్రానికల్లా చెప్పమన్నారు." కాస్త ఆగింది. "మీ ఇంట్లో రెండో గది ఖాళీయేనా నాన్నా?"

"ఖాళీయే," అన్నాడు. అప్పటికి అందులో రెండు స్టెప్నీ టైర్లు, ఒక పాత సీటు, రెక్క విరిగిన ఫ్యాను ఉన్నాయి.

"సరే, చూద్దాం," అంది.

ఆ చూద్దాం అన్న మాట పట్టుకుని ఆయన వారమంతా తిరిగాడు. టైర్లు కింది షాపువాడికి అంటగట్టాడు. గోడలకి సున్నం వేయించి, కొత్త పరుపు తెచ్చి, కిటికీకి పరదా కట్టాడు. అద్దం దగ్గరే చిక్కొచ్చింది. ఎంత ఎత్తున కొట్టాలో తెలియలేదు. రోడ్డు మీద పోయే మనిషి చెప్పుల సైజు కూడా చెప్పగలడు గాని, కూతురు ఎంత పొడుగైందో ఆయనకి తెలియదు. మేకు చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడి, చివరికి భార్య ఎత్తు గుర్తు చేసుకుని కొట్టాడు.

ఆదివారం సెలవు కావాలంటే యజమాని కంగారుపడ్డాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"మా అమ్మాయి వస్తోంది."

"నీకు అమ్మాయుందా?" అని కాసేపు నోరు తెరిచి, బండి కూడా తీసుకెళ్ళమన్నాడు.

మిగిలింది బీచ్. పిల్లని ఏ బీచ్‌కి తీసుకెళ్ళాలి? స్టాండులో పక్క బండివాడి పేరు హారన్. నోటికి బ్రేకు లేదు కాబట్టి ఆ పేరు.

"ఏడుపుల బీచ్‌కి తీసుకెళ్ళు బాబాయ్, గుంటలు తవ్వుకుంటది."

"ఇరవై నాలుగేళ్ళ పిల్లరా."

"అయితే ఫొటోల బీచ్."

"ఫొటోలు దిగే రకమో కాదో."

"ఫోన్ చేసి అడగరాదూ?"

"పార్టీని అడిగి తీసుకెళ్ళేదానికి మనమెందుకురా?"

"ఊరందర్నీ తూచి పారేస్తావు. కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి త్రాసు విరిగిందా బాబాయ్?"

స్టాండంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. అందగత్తె దగ్గరికే తీసుకెళ్ళాలని ఆ నవ్వుల మధ్యే తేల్చుకున్నాడు. తన దగ్గరున్నవాటిలో మంచిది అదే.

ఆదివారం స్టేషన్లో జనం మధ్య కూతుర్ని ముఖం చూసి కాదు, నడక చూసి పోల్చుకున్నాడు. అచ్చం వాళ్ళమ్మ నడక. సూట్‌కేసు అందుకుని, అలవాటు కొద్దీ వ్యాను పక్క తలుపు లాగి పట్టుకున్నాడు. ముందు సీటు వైపు వెళ్ళబోతున్న అమ్మాయి ఆ తెరిచిన తలుపు చూసి ఆగింది. వెనక్కొచ్చి అందులోనే ఎక్కింది. అన్ని ఖాళీ సీట్ల మధ్య ఒక్కతే. ఇల్లు చేరేదాకా ఆయన పైనున్న అద్దంలో చూస్తూ మాట్లాడాడు.

గది ఆమెకి నచ్చింది. పరదా జరిపి చూసింది, పరుపు మీద కూర్చుని చూసింది. అద్దం ముందు నిలబడితే గడ్డం దాకానే కనిపించింది. మోకాళ్ళు వంచి ముఖం చూసుకుని నవ్వింది.

"ఇంకో జానెడు పైకి కొడితే సరిపోతుంది నాన్నా."

"కొడతా. సాయంత్రం రాగానే కొడతా."

ఆ మాటతోనే ఆయనకి కడుపు నిండింది. సూట్‌కేసు విప్పకుండానే మూలన పెట్టి, ఇద్దరూ బయల్దేరారు.

దారిలో ఒక ముసలాయన రోడ్డు దాటుతుంటే బండి ఆగింది.

"ఆయనకి ఎడమ తుంటి పాడైంది. బరువంతా కుడికాలు మీద వేస్తున్నాడు," అంది వెనకనుంచి.

"నేను మోకాలనుకున్నా."

"మీరూ చూస్తారా ఇవన్నీ?"

"నేను చేసేది అదేగా!"

అద్దంలో ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఇద్దరూ నవ్వారు.

కొండ మీద పార్కింగులో బండి ఆపి తలుపు లాగాడు. కింద అందగత్తె ఆ రోజు ఆ అమ్మాయి కోసమే ముస్తాబైనట్టుంది. ఆయనకి గర్వంగా అనిపించింది.

"ఇక్కడి నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి," అన్నాడు. తర్వాత, నోరు తనంతట తానే అనేసింది. "నిదానంగా చూసి రండి. నేను బండి దగ్గరే ఉంటా."

అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఆయన వంక చూసింది. ఆయన అప్పటికే సీటు కిందనుంచి గుడ్డ తీస్తున్నాడు. ఆమె మెట్ల వైపు నడిచింది.

రెయిలింగు దగ్గరనుంచి ఆయనకి అంతా కనిపిస్తూనే ఉంది. కూతురు నీళ్ళ అంచున నడిచింది. ఒకచోట కూర్చుంది. పక్కన ఒక కుటుంబం బంతాట ఆడుతోంది. అమ్మాయి తలెత్తి పైకి చూసింది. ఆయన చెయ్యి ఊపాడు. ఆమె కూడా ఊపింది. మళ్ళీ కూర్చుంది. ఫోనులో ఎవరితోనో మాట్లాడింది. ఎండ తగ్గింది, బంతాట వాళ్ళు వెళ్ళిపోయారు, ఆమె ఇంకా లేవలేదు. చాలా ఆలస్యం చేస్తోంది. కుదిరిందని ఆయన అద్దం తుడుస్తూ లోలోపల పొంగిపోయాడు.

ఆమె పైకొచ్చేసరికి చీకటి పడబోతోంది. పాదాల నిండా ఇసక.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి నాన్నా."

"లేదమ్మా, ఇక్కడ గోరువెచ్చగా ఉంటాయి."

"మీరెప్పుడైనా దిగి చూశారా?"

ఆయన ఆలోచించాడు. "అందరూ అంటారు," అన్నాడు.

అమ్మాయి తలుపు తనే లాగుకుని ఎక్కింది. ఊరి దీపాలు కనిపించాక మెల్లిగా చెప్పింది. "హాస్టల్ వాళ్ళకి వస్తున్నానని చెప్పేశాను. ఇందాక కింద ఉన్నప్పుడే."

"మంచిదే. ఆసుపత్రికి దగ్గర."

"ఊఁ, దగ్గర."

"అద్దం పైకి కొడదామనుకున్నా."

"ఇప్పుడేం తొందర లేదులెండి."

ఇంటి దగ్గర సూట్‌కేసు తీసుకుని హాస్టలుకి వెళ్ళారు. గేటు దాటి మగవాళ్ళని రానివ్వరు. ఆయన పెట్టె అందుకోబోతే అమ్మాయే లాక్కుంది.

"మీరు బండి దగ్గరే ఉండండి నాన్నా. నేను తీసుకెళ్తా."

లోపల దీపం కిందనుంచి నడిచి మలుపు తిరిగేదాకా ఆయన తలుపు పట్టుకునే నిలబడ్డాడు.

మర్నాడు స్టాండులో హారన్ ఊరుకుంటాడా?

"ఏం బాబాయ్, తూకం సరిపోయిందా? ఎంతసేపు కూర్చున్నారేంటి తండ్రీకూతుళ్ళు?"

"పొద్దుగూకేదాకా. అందగత్తె కదా."

"అబ్బో! ఏం మాటాడుకున్నారంతసేపు?"

"మాటలేముంటాయిరా? అది కింద ఉంది. నేను బండి దగ్గరే ఉన్నా."

 హారన్ తన బండి బానెట్ ఎత్తి లోపలికి తలపెట్టాడు. అందులో చూడాల్సిందేమీ లేదని స్టాండులో అందరికీ తెలుసు. వాడు మాట లేకుండా ఉండిపోవడం ఎవరూ ఎరగరు. ఆ మౌనంలోనే ఆయనకి తను చేసిన పని మెల్లగా అర్థమైంది. పక్క బండివాడు అందించిన టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

తర్వాత అంతా మళ్ళీ మామూలే. ఒకే ఊళ్ళో ఉన్నా ఫోనే. "బాగున్నారా నాన్నా?" "బాగున్నానమ్మా." అద్దం ఉన్నచోటే ఉంది. గడ్డం గీసుకోవడానికి ఆయనకి ఆ ఎత్తు సరిపోతుంది గాని, ఆ గదిలోకి వెళ్ళి గీసుకోబుద్ధి కాలేదు.

సీజను అయిపోయి హోటళ్ళు ఖాళీ అయ్యాయి. ఒక మధ్యాహ్నం ట్రిప్పులేమీ లేకపోతే ఖాళీ బండి తీసుకుని కొండ మీదికి వెళ్ళాడు. పార్కింగులో ఇంకో డ్రైవరు ఒక్కడే ఉన్నాడు.

"ఏం బాబాయ్, పార్టీ ఏదీ?"

"లేదు."

"మరి?"

ఆయన తలుపు తాళం వేశాడు. వేసిందో లేదో లాగి చూశాడు. నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగి మళ్ళీ చూశాడు. బండి ఎక్కడికీ పోలేదు. కిందికి పోనుపోను మెట్లు ఎత్తుగా తగిలాయి. ఎందరి మోకాళ్ళనో చూసి ఇక్కడికి వద్దన్న మనిషి, తన మోకాళ్ళ సంగతి ఎప్పుడూ చూసుకోలేదు. రెయిలింగు పట్టుకుని పక్కకి తిరిగి దిగాల్సి వచ్చింది.

ఇసక మీద ఎవరూ లేరు. పైనుంచి తేటగా కనిపించే నీళ్ళు దగ్గరికెళ్తే మామూలు నీళ్ళే, నురగలో పుల్లలూ ఆకులూ తేలుతున్నాయి. బూట్లు విప్పి ఒక రాయి మీద పెట్టి, రెండడుగులు వేశాడు. పాదాలు జివ్వుమన్నాయి.

కాసేపు అలాగే నిలబడి జేబులోంచి ఫోను తీశాడు. అవతల ఆసుపత్రి గోల వినిపిస్తోంది.

"ఏంటి నాన్నా, ఈ టైములో? ఒంట్లో బాగానే ఉందా?"

"నువ్వన్నదే నిజమమ్మా. నీళ్ళు చల్లగానే ఉన్నాయి."

అవతల ఎవరో ట్రాలీ తోసుకుపోతున్న చప్పుడు.

"ఎక్కడున్నారు?"

"నీళ్ళల్లో."

"మరి బండి?"

"పైనుంది."

"దాని దగ్గరెవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఆమె ఇంకేదో అనబోయింది. ఇంతలో ఎవరో పిలిచారు. "వస్తున్నా... పేషెంటు వచ్చారు నాన్నా, వెళ్ళాలి," అంది. ఆయన ఫోను చెవి దగ్గరనుంచి దించబోతుంటే మళ్ళీ గొంతు వినిపించింది.

"ప్యాంటు పైకి మడుచుకున్నావా?"

ఆయన కిందికి చూసుకున్నాడు. మోకాళ్ళ దాకా తడిసి ముద్దయింది.

"మడుచుకున్నా," అన్నాడు.