మామ గిటారు కోసం ఆగిన కంప్యూటర్

మొన్న ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక, ఇప్పుడు మా గాయక బృందాన్ని నడిపే అమ్మాయి మా పాత పాట ఫైలు తెరిచి, "ఆంటీ, ప్రతి లైను చివర టెంపో ఎందుకు పడిపోతుంది? మిస్టేకా?" అని అడిగింది. నవ్వొచ్చింది. ఆ మిస్టేకు దొరకాలని నేనొక శనివారం మధ్యాహ్నమంతా ప్రార్థించాను.

రైలు పట్టాల పక్కనున్న మా మెట్టుగూడలో ఇంటికొక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తయారవుతున్న రోజులవి. నేనూ కంప్యూటర్ కొని, మంచి సౌండ్ కార్డు వేయించి, సంఘం యాభయ్యో వార్షికోత్సవ గీతానికి డ్రమ్స్, బేస్, వయొలిన్లు అన్నీ కంప్యూటరే వాయించే మిడి ట్రాకులుగా సిద్ధం చేశాను. వాటిమీద మా మేనమామ గిటారు వాయించాలి. రైల్వేలో పనిచేసే మామ ముప్పై ఏళ్లుగా ఆ గిటారుతోనే సంఘాన్ని పాడించాడు. అయినా సంఘ పెద్దలు ముందే చెప్పేశారు: ఉత్సవం జరిగే ఆదివారానికి రెండూ కలవకపోతే మిషను ఒక్కటే చాలు, గిటారు వద్దు.

శనివారం మధ్యాహ్నం ఫ్యాను ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, రైలుకూ రైలుకూ మధ్య రికార్డు చేశాం. మొదటి లైను చక్కగా ఉండేది. మూడో లైనుకల్లా డ్రమ్స్ ముందుకు పోయేవి, గిటారు వెనకబడేది. సౌండ్ కార్డు ఆలస్యమనుకుని గిటారు ట్రాకును కాస్త ముందుకు జరిపాను. మొదలు కూడా చెడింది. ఏడోసారికి మామ గిటారు ఒళ్లో పడుకోబెట్టి, "ముసలోన్నైన బిడ్డా. మిషనే పెట్టుకోన్రి" అన్నాడు. "వయసు కాదు మామా, లైను అయినంక ఎందుకు ఆగుతున్నవ్?" అన్నాను. "ఆగకుంటె ఎట్ల? ముందు బెంచీల ముసలమ్మలు ఊపిరి తీసుకోవద్దా? నీ డబ్బాకు గంత సుత తెల్వదా?"

మంచి కాపరి పాలిచ్చే గొర్రెల నడకను బట్టి మందను నడిపిస్తాడని సండే స్కూలు పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. కంప్యూటర్‌కు చెప్పడం మరిచిపోయాను. మామను దిద్దడం మాని, ప్రతి లైను చివర మిడి ట్రాకుల టెంపోను ఒక ఊపిరంత తగ్గించాను. ఎనిమిదోసారి గిటారు, డ్రమ్స్ చివరిదాకా చేయీ చేయీ పట్టుకుని నడిచాయి. మోకరించి స్తోత్రం చెప్పాను.

ఆదివారం మామ మొదటిసారి ఖాళీ చేతులతో బెంచీలో కూర్చున్నాడు. స్పీకర్లలో ఆయన గిటారు మోగింది. ముసలమ్మలు లైను ముగించి, ఊపిరి తీసుకుని, డ్రమ్స్‌తో సరిగ్గా కలిసి తరువాతి లైను అందుకున్నారు. ఒక్క గొంతూ వెనకబడలేదు. మామ నావైపు తిరిగి, "నీ డబ్బా నేర్సుకుంది" అన్నాడు.

ఆ టెంపోను సరిచేయవద్దని అమ్మాయికి చెప్పాను. ముసలమ్మలు కూర్చునే ముందు బెంచీకి ఇప్పుడు నాకు రెండే వరసల దూరం. ఈమధ్య ఆ ఊపిరి నాకూ అవసరమవుతోంది.