పొగను నమ్మని మామగారు

మామగారికి లోకంలో దేనిమీదా నమ్మకం లేదు, పొగ మీద అసలే లేదు. మోటారు సైకిళ్ల పొగ పరీక్షించే గదిలో కూర్చుని ఏళ్ల తరబడి ఆయన చేస్తున్నది ఒకటే పని, అనుమానించడం. బండికి స్టాండు వేయకముందే "సైలెన్సర్ ఎవరిచేత విప్పించావు?" అని అడుగుతారు. కాబోయే అల్లుడు మొదటిసారి ఇంటికొస్తే, మొహమైనా చూడకుండా వీధిలోకెళ్లి, సైలెన్సర్‌లో తెల్ల రుమాలు దూర్చి మసి చూసొచ్చారు. ఆ బండి స్నేహితుడిదని పాపం అతను ఒట్టేయాల్సి వచ్చింది.

"ఇంత అనుమానం ఎందుకండీ మామయ్యగారూ?" అని పెళ్లయ్యాక ఓసారి అడిగాడు అల్లుడు.

"బండి చేసినవాడికే దానిమీద నమ్మకం లేదు బాబూ! ట్యాంకులో పెట్రోలు ఆవిరై పారిపోతుందేమోనని బొగ్గు డబ్బా కాపలా పెట్టాడు. ఇంజను పెట్రోలు సరిగ్గా కాలుస్తోందో లేదోనని పొగగొట్టం మెడలో సెన్సరు పెట్టాడు, అది గంటకోసారి కాదు, క్షణక్షణం చాడీలు చెబుతుంది. అప్పటికీ తనివి తీరక సైలెన్సర్ కడుపులో తేనెపట్టు లాంటి జాలీ పెట్టాడు. పొగ దాని వేడి కన్నాల్లోంచి దూరి, విషం విరిగి బయటికి రావాలి. చేసినవాడికే అంత అనుమానముంటే చూసేవాణ్ణి, నాకెంతుండాలి?"

అలాంటి మామగారి దగ్గరికి అల్లుడు, కొత్తగా కొన్న పాత బండి తీసుకెళ్లాడు. ఇంటింటికీ మందులు చేరవేసే ఉద్యోగం దొరికింది. పొగ పరీక్ష పాసైతేనే సోమవారం చేర్చుకుంటామన్నారు. సొంత మామే కదా, చూసీచూడనట్టు పాస్ చేసేస్తారనుకున్నాడు.

మామగారు పరీక్ష గొట్టం దూర్చి మిషన్ చూశారు. స్పానర్‌తో సైలెన్సర్‌ని టకటకా కొట్టి చెవి పెట్టారు.

"లోపల డొల్ల. జాలీ పీకేశారు. అమ్మినవాడా, నువ్వా?"

"అయ్యో, నేనెందుకు పీకుతానండీ!"

"ఏమో, చప్పుడు సరదాకి పీకేవాళ్లున్నారు. ఫెయిలు."

"ఉద్యోగం పోతుందండీ!"

"తాళం ఇక్కడ పెట్టి నడిచి వెళ్లు. బండి ఇస్తే నడిపేస్తావని నా అనుమానం."

అల్లుడికి ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి భార్య మీద ఎగిరాడు. "నేను బాగుపడటం మీ నాన్నకి ఇష్టం లేదు!"

"ఊరుకోండి. చిన్నప్పుడు నేను పాలు తాగేశానంటే గ్లాసు బోర్లించి చూసిన మనిషి ఆయన," అంది ఆవిడ.

సోమవారం పొద్దున్నే తాళం లాక్కొద్దామని విసవిసా వెళ్లాడు. గది ముందు అతని బండి సిద్ధంగా ఉంది. సైలెన్సర్ మారింది. మోచేతుల దాకా మసితో మామగారు తాళం విసిరారు.

"పాసైంది. ఇంక కదులు."

గోడ పక్కన మామగారి బండి, అదే మోడల్‌ది, సైలెన్సర్ లేకుండా నిలబడి ఉంది. ఊరు మొత్తం మీద ఆయన ఎన్నడూ అనుమానించని బండి అదొక్కటే. అల్లుడికి సిగ్గేసింది.

"మరి మీరెలా తిరుగుతారండీ?"

"నడుస్తాను," అన్నారు మామగారు మొహం అటు తిప్పుకుని. "నా బండి వాలకం మీద నాకు మొదట్నుంచీ అనుమానమే."