మిర్కాబ్ గదిలో గిటారు

నిన్న కడపలో ఒక పెళ్ళి భోజనాల్లో బ్యాండువాళ్ళెవరో గిటారు శ్రుతి చేస్తున్నారు. తీగ బిగుసుకునే ఆ సన్నని మూలుగు వినగానే, మూడోసారి వడ్డిస్తున్న పప్పును వద్దనడం కూడా మరిచి కూర్చుండిపోయాను. ఆ చప్పుడుకు నాకు గుర్తొచ్చేది ఒకే ఒక్క మనిషి, లూడీ.

లూడీ జర్మనీవాడు. అక్కడ వందల ఏళ్ళుగా ఉంటున్నా ఊరివాళ్ళు పరాయివాళ్ళుగానే చూసే సింతీ జాతి మనిషి. పదిహేనేళ్ళకే అమెరికన్ సైనికుల క్లబ్బుల్లో గిటారు మీద జాజ్ వాయించాడు. తర్వాత ఓడల్లో, బీరూట్ హోటళ్ళలో. అరవై ఏళ్ళు వచ్చేసరికి కువైట్‌లో ఒక హోటల్ లాబీలో వాయిస్తూ మిగిలాడు. అక్కడ కాఫీ తాగేవాళ్ళెవరూ తలెత్తి చూసేవారు కాదు. నేను అదే ఊళ్ళో మిర్కాబ్ అనే పేటలో రేడియోలు, వాద్యాలు అమ్మే దుకాణంలో ఉండేవాణ్ణి. మొదటిసారి తీగల కోసం వస్తే రెట్టింపు ధర చెప్పాను. మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. ఇంకా ఎక్కువ చెప్పాల్సిందని ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఉచితంగా నేర్పుతానన్నాడు కాబట్టే శుక్రవారాలు ఆయన దగ్గర చేరాను. నెలల తరబడి గిటారు మీద ఆయన పాటకు వెనక తాళం వాయించడమే. పాట ఎప్పుడని అడిగాను. అరబ్బుల తీరున అందరినీ హబీబీ, అంటే ప్రియ నేస్తం, అనడం ఆయన అలవాటు.

"మా మామ వెనక నేను ఎనిమిదేళ్ళు తాళమే వాయించాను హబీబీ. ముందున్నవాడు ఎగరాలంటే వెనక ఒకడు కదలకుండా ఉండాలి."

"ఎనిమిదేళ్ళా? కొంచెం తగ్గించండి సార్."

"నీకు కాబట్టి ఏడు."

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించాక, పశ్చిమ దేశాల మగవాళ్ళంతా ఫలానా హోటల్‌కు వచ్చి పేర్లు రాయించుకోవాలని హుకుం వచ్చింది. లూడీ గిటారు పట్టుకుని నేరుగా మా గదికి వచ్చాడు. "నాజీల కాలంలో మా నాన్న అలాగే పేరు రాయించుకోవడానికి వెళ్ళాడు. తిరిగి రాలేదు," అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పదకొండు రోజులున్నాడు. కిటికీకి దుప్పటి కట్టాం. తీగల కింద గుడ్డ దోపి ఆయన పాట వాయిస్తే నేను తాళం వేసేవాణ్ణి. పక్కగదికి కూడా వినిపించేది కాదు. అంత మంచి వాయింపును మనసుపెట్టి వినేది నేనొక్కణ్ణే.

పశ్చిమ దేశాలవాళ్ళను దాచినవాళ్ళకు ఉరి అని రేడియోలో చెప్పిన మధ్యాహ్నం, నాతో గదిలో ఉండే రాయచోటి మస్తాన్ కంచం ముందు కూర్చుని మెల్లగా అన్నాడు. "అన్నా, ఈయప్ప మంచోడే, నేను కాదన్లా. నాకు ముగ్గురు ఆడబిడ్డలుండారు. ఏం జేద్దామో నువ్వే చెప్పు."

నేను రొట్టె తుంచుతూ ఉండిపోయాను. లూడీకి తెలుగు రాదు. మా ముఖాలు చూస్తే సరిపోయింది.

మరునాడు పొద్దున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గిటారు పెట్టె తీశాడు. "ఆ హోటల్‌కే వెళ్తున్నా హబీబీ. అక్కడ ఏసీ బాగుంటుందట."

మస్తాన్ తల దించుకున్నాడు. లూడీ మెట్లు దిగాడు. మలుపు దగ్గర ఆగి, పెట్టెను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. బేరం కుదరక మెట్లు దిగుతూ నెమ్మదించే మనిషి వెనక్కి పిలవమంటున్నాడని నాకు పదేళ్ళప్పుడే తెలుసు. పిలవలేదు. పెట్టె గోడకు తగిలిన చప్పుడు, ఆ తర్వాత వీధి తలుపు చప్పుడు వినిపించాయి.

ఆ హోటల్‌లో పేర్లు రాయించుకుని బందీలైనవాళ్ళందరినీ ఆ చలికాలంలో వదిలేశారని ఊరు చేరాక విన్నాను. అందులో ఆయన ఉన్నాడో లేదో తెలియదు. చిరునామా అడిగే ముఖం నాకు లేకపోయింది.

ఇప్పుడు ఊళ్ళో నా సొంత దుకాణం మెట్లు దిగే ఎవరినైనా వెనక్కి పిలుస్తాను, నష్టమైనా సరే. వయసు మీదపడి బేరం మరిచిపోయానని మావాళ్ళు నవ్వుకుంటారు. పిలిస్తే చాలామంది ఆగుతారు.