అమ్మగారి ఫొటోకి పడ్డ దండ

ఈ రోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతగారి ఆఫీసులో, నేను తయారుచేసిన వాళ్ల వెబ్‌సైట్‌కి ముహూర్తం. ప్రతి సినిమా పేజీలోనూ పైన ఆయన అమ్మానాన్నల ఫొటోలుంటాయి. ఆ ఫొటోల భాగమంతా అన్ని పేజీలూ వాడుకునే ఒకే బ్లాక్. ఒకచోట మారిస్తే అన్ని పేజీల్లోనూ మారిపోతుంది. కాలంచేసిన నాన్నగారి ఫొటోకి దండ వెయ్యమన్నారు. రాహుకాలం వచ్చేస్తోందన్న కంగారులో నేను ఇద్దరికీ వేసేశాను.

అమ్మగారేమో నా పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నారు!

ఏ పేజీ తెరిచినా ఆవిడకి దండే. గబగబా బ్లాకులో ఆ దండ తీశాను. అన్నిచోట్లా ఒకేసారి పోయింది.

ఆవిడ తెర మీంచి కళ్లు తిప్పకుండా, "ఏమయ్యా, ఒక్క నొక్కుకి అన్ని సినిమాల్లోనూ చంపేశావు, ఇంకో నొక్కుకి బతికించేశావు! యముడిక్కూడా ఇంత సౌకర్యం లేదు" అన్నారు.

రోజూ వాడే బ్లాకే. ఇవాళ దాన్ని చూస్తే ఒళ్లు జలదరించింది. మీ చేతుల్లో ఎవరైనా ఇలా పోయి తిరిగొచ్చారా?