ముల్లు లేని గాలం

మా అత్తగారు మంగతాయారుగారి వేళ్ళు ఊరికే ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అమలాపురంలో పెళ్ళయిన దగ్గర్నుంచీ పెరుమాళ్ళకి మాలలు కట్టడం ఆవిడ పని. చేతుల్లో నార, పూలు. కళ్ళు మాత్రం టీవీ సీరియల్ మీద. మాలా జారదు, సీరియలూ తప్పదు. అలాంటి మనిషి 2020 ఫిబ్రవరిలో మా ఆవిడ ఉజ్వల పురిటికని మేముంటున్న పరాయిదేశపు ఊరు వాటర్‌ఫోర్డ్ వచ్చారు. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. మా పెరట్లో పూసేవి డాండెలయన్లనే పసుప్పచ్చ గడ్డిపూలు. వాటినే కట్టబోతే కాడలు తెగిపోయాయి. ఇక పాపని ఆడించగా మిగిలిన పొద్దంతా నన్ను గమనించడానికి కేటాయించారు.

గమనించదగ్గ గుట్టు నా దగ్గర ఒకటుంది. నేను చేపలు పడతాను. తినను. ఏకాదశి వస్తే మా ఇంట్లో ఉల్లిపాయ కూడా దాక్కోవాల్సిందే. ఆఫీసులో డెక్లాన్ అనే పెద్దాయన నాకీ పిచ్చి అంటించాడు. కొమెరా కొండల్లో నైర్ అని ఒక ఏరుంది. అందులో మోకాలి లోతున నిలబడి, ఈగలా కనబడే చిన్న గాలాన్ని విసిరితే, ట్రౌట్ చేప నిజం ఈగే అనుకుని పైకొస్తుంది. పట్టుకుంటాను, గాలం తీస్తాను, నీళ్ళలో వదిలేస్తాను. ఇందులో పాపమేముందని నా ధీమా.

ఏప్రిల్‌లో ఒకనాడు ఆవిడ కందిపప్పు కోసం మెట్ల కింద ప్రెస్ తెరిచారు. ఇక్కడ అల్మరాని ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైపోయింది. పప్పుకి బదులు నా ఈగల డబ్బా దొరికింది.

"ఎంత ముద్దుగా ఉన్నాయండీ! ఎవరు కట్టారు? ముడి మాత్రం వదులు."

"నేనే అత్తయ్యగారూ," అన్నాను, పొంగిపోతూ.

అంతలో ముల్లు ఆవిడ వేలిలో దిగింది. రక్తపు బొట్టు చూసుకుని, డబ్బా చూసి, నన్ను చూశారు. దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. పట్టి వదిలేస్తానని రెండుసార్లు చెప్పాను.

"కోనసీమలో చేపలు తినేవాళ్ళ మధ్యే పెరిగాను అల్లుడుగారూ. వాళ్ళనెప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆకలికి పడతారు. మీరు దేనికి? పాపం దాని నోట్లో ముల్లు గుచ్చి, సారీ చెప్పి పంపించడానికా?"

 పోట్లాడదామంటే కూతురి ఇల్లాయె, వెళ్దామంటే విమానాల్లేవాయె. ఆవిడకి తెలిసిన దారి ఒక్కటే. ఆ గాలం ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మా వంట ముట్టనన్నారు. ఆ రోజు నుంచీ పళ్ళు, పాలు, నానబెట్టిన అటుకులు. గాలం కర్ర తీసుకెళ్ళి కారు డిక్కీలో పెడితే, "కారు మాత్రం ఎవరిది?" అన్నారు.

మే నెలకల్లా ఆవిడ జాకెట్లు వదులయ్యాయి. ఉజ్వల వంటగదిలో నన్ను పట్టుకుంది. "అమ్మ అరటిపళ్ళ మీద బతుకుతోంది. నీకు ఆ రాడ్డే ఇంపార్టెంటా?"

కాదు. కానీ లాక్‌డౌన్ పోయాక ఆ ఏరుందన్న ఆశ కూడా లేకపోతే నేనేమైపోతానో నాకే భయంగా ఉండేది. పొద్దస్తమానం పడగ్గదిలో లాప్‌టాప్, జూమ్‌లో వాడిపోయిన మొహాలు, ఊరి నుంచి దినానికొక కరోనా కబురు. అయినా మర్నాడు ఆవిడ దగ్గరికి వెళ్ళి, కర్ర ఎవరికైనా ఇచ్చేస్తానని చెప్పేశాను. చెబుతూ కళ్ళు తుడుచుకోవాల్సొచ్చింది, సిగ్గేసింది కూడా.

ఆవిడ అటుకుల గిన్నె పక్కన పెట్టారు. "అక్కడ మీకు దొరికేదేమిటండీ, అంత బాధపడుతున్నారు?"

"చేప పైకొచ్చి నోరు తెరిచే ఆ క్షణం అత్తయ్యగారూ. అంతే. ఆ తర్వాతదంతా నాకూ కంగారే, దానికీ కంగారే."

"అంతేనా? అయితే ముల్లెందుకు?"

ఎనిమిదేళ్ళుగా కోడ్ రాస్తున్నవాణ్ణి, ఇంత చిన్న ప్రశ్న నాకెందుకు తట్టలేదో! కటింగ్ ప్లయర్ తెచ్చి గాలాల వంపులన్నీ కత్తిరించేశాను. మిగిలిన కాడలకి ఆవిడే కొత్త ఈగలు కట్టారు. నేను కట్టిన కోడి ఈకలు చెత్తబుట్టలోకి పోయాయి. పాత పట్టుచీర కుచ్చుల్లోంచి దారం, వత్తుల పత్తి, తేలడానికి పైన కాస్త వ్యాజిలైన్. ముడి మాత్రం పెరుమాళ్ళ మాల ముడే, లాగినా రాదు. అయినా అన్నం ముట్టలేదు. చేపకి నొప్పి లేదని కళ్ళారా చూడాలన్నారు.

జూన్‌లో లాక్‌డౌన్ సడలించి, కౌంటీ లోపల, అంటే మన జిల్లా లాంటిదాని లోపల, ఎక్కడికైనా వెళ్ళొచ్చన్నారు. ఆ శనివారమే పాపతో సహా నైర్ ఒడ్డున ఉన్నాం. ఉజ్వల దద్ధోజనం డబ్బా తెచ్చింది కానీ ఎవరి కోసమో పైకి అనలేదు. పట్టుదారం ఈగ చేపకి నచ్చుతుందా అన్నది నాకు గుబులు. ఒకసారి విసిరాను. రెండోసారి. చాలాసేపు విసిరాను. ఈగ ఊరికే తేలుతూ వచ్చింది. మా అత్తగారు శాలువా కప్పుకుని బండ మీద కూర్చున్నారు, కళ్ళు నీళ్ళ మీదే. సీరియల్ కూడా అంత శ్రద్ధగా చూడగా నేను చూడలేదు.

అంతలో రాయి పక్కనుంచి గోధుమరంగు ట్రౌట్ ఒకటి లేచింది. ఎర్రచుక్కల ఒళ్ళు సగం బయటికొచ్చింది. ఈగని నోటకరిచింది, తాడు ఒక్కసారి బిగిసింది. మరుక్షణం, ఇదేం రుచి అన్నట్టు ఉమ్మేసి వెళ్ళిపోయింది.

"ఉమ్మేసిందండీ!" అత్తగారు బండ మీంచి లేచి నిలబడ్డారు. "నా ఈగని ఉమ్మేసింది! ఇంకోసారి వెయ్యండి అల్లుడుగారూ."

నేను పగలబడి నవ్వుతున్నాను. నాకేదీ తక్కువనిపించలేదు. ఇంకోసారి వేశాను, ఇంకొకటి లేచింది. ఆవిడ చప్పట్లు కొట్టిన చప్పుడికి పాప ఏడుపు లంకించుకుంది.

తర్వాత ఆవిడ ఏట్లో చేతులు కడుక్కుని వచ్చి, ఎవరూ పెట్టకముందే డబ్బా మూత తీశారు. ఉజ్వల ఎత్తుకున్న పాపని ఊపడం ఆపేసింది. ఆవిడ ఒక ముద్ద తిన్నారు. నిదానంగా నమిలి, కూతురి వంక చూశారు.

"ఉప్పు చాల్లేదే అమ్మాయీ," అని ఇంకో ముద్ద కలుపుకున్నారు.